మిగతాది నువ్వు చెప్పు

మా హుస్సేనీ ఆలం గల్లీలో ఒక కవి ఉండేవాడు. అందరూ ఆయన్ని శాయర్ సాబ్ అనేవారు. ఉర్దూలోనైనా తెలుగులోనైనా సగం పద్యం చెప్పి ఆగి, ఎదుటివాళ్ల వైపు చెయ్యి చాచేవాడు. మిగతాది వాళ్లు చెప్పాలి.

మూసీ పొంగిన ఏడాది పురానాపూల్ దగ్గర ఇళ్లు మునిగినవాళ్లు మా గల్లీ బడిలో తలదాచుకున్నారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి బియ్యం, దుప్పట్లు అడిగి తెచ్చాడు. నేను వడ్డించాను. పాలు అమ్ముకునే ఒకామె మాత్రం ముద్ద ముట్టలేదు. ఆమె బర్రెలు వరదలో కొట్టుకుపోయాయి.

ఆయన వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

“పిలవని చుట్టం లెక్క మూసీ ఇంట్లకొచ్చింది,” అని చెయ్యి చాచాడు. “ఇగ నువ్వు చెప్పు, అక్కా.”

ఆయన చెయ్యి దించలేదు.

“వస్తే వచ్చింది. ఆడనే ఉంటదా ఏంది? ఉండేటోళ్లం మేమే,” అంది చివరికి. అంటూనే ఏడ్చింది. అప్పటిదాకా ఆమె కంట నీరు రాలేదు. తర్వాత అన్నం కలుపుకుంది.

వరద తగ్గాక మేమంతా వెళ్లి ఆమె ఇంట్లో బురద ఎత్తిపోశాం.

ఇప్పుడు ఆయన లేడు. ఆ పద్యాన్ని మా గల్లీలో నేటికీ చెప్పుకుంటారు. ఉన్నన్నాళ్లూ ఎవరైనా దాన్ని మెచ్చుకుంటే ఆయన అనేవాడు:

“నాదేముంది భాయ్, అసలు మాట అక్కది.”