అడగకుండా చెప్పిన సాక్ష్యం

ఆ ఆదివారం కోవూరు చర్చిలో మా చెల్లెలి పక్కన కూర్చుని ఉన్నాను. దేవుడు చేసిన మేళ్లకు సాక్ష్యాలు చెప్పే వేళ దాని మొగుడు, మా మరిది లేచాడు. కిడ్నీలు పోయి డయాలసిస్ మీద నెట్టుకొస్తున్న మనిషి, గొంతు మాత్రం గుమ్మం దాకా వినిపించింది. "నా భార్య నాకు కిడ్నీ ఇస్తా ఉంది. దేవునికి స్తోత్రం!" అన్నాడు. చర్చంతా చప్పట్లు. చెల్లెలు నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ మాట తనూ అప్పుడే వింటోంది.

తను చేసిందల్లా పరీక్షకు రక్తం ఇవ్వడమే. మరిది వాళ్లమ్మ, అన్న మేం ఇవ్వలేమని ముందే తప్పుకున్నారు. చెల్లెలిది సరిపోయింది. ఇక పెళ్లాన్ని అడిగేదేముందిలే అనుకున్నాడు మహానుభావుడు! ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా వచ్చి "ధన్యురాలివమ్మా" అని కౌగిలించుకుంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతమంది దీవించాక చెల్లెలు కాదని ఎలా అంటుంది?

నేను గూడూరులో ఇంగ్లీషు పాఠాలు చెబుతాను. అప్పుడు క్లాసులో గ్రీకు కథలు నడుస్తున్నాయి. ఆ కోపంలోనే వంటింట్లో నిలబడి చెల్లెలికి అల్సెస్టిస్ కథ చెప్పాను. రాజుకు చావు ముంచుకొచ్చింది. అతని బదులు ఎవరైనా చనిపోతే అతను బతుకుతాడు. ముసలి తల్లిదండ్రులు మావల్ల కాదన్నారు, భార్య అల్సెస్టిస్ పోయింది. తర్వాత హెరాక్లిస్ అనే వీరుడు మృత్యువుతో కలబడి ఆమెను వెనక్కి తెచ్చాడు.

"తిరిగొచ్చినాక ఆమె ఏమన్నదక్కా?"

"ఏమీ అనదు. నోరే విప్పదు. కథ అయిపోతుంది."

చెల్లెలు స్టవ్ ఆపేసింది. "నేను ఇయ్యకపోతే ఆయన చచ్చిపోతాడక్కా. ఆయన నాకు కావాల. కానీ మొహం చూస్తే కోపమొస్తా ఉంది" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

నెల్లూరు ఆసుపత్రిలో డాక్టరు ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచాడు. ఇష్టం లేకపోతే చెప్పమ్మా, కుదరదని మేమే మీవాళ్లతో అంటాం అన్నాడని తర్వాత చెప్పింది. బయట వరండాలో మరిదీ నేనూ ఉన్నాం. పాదాలు వాచిపోయి, చొక్కా వదులైపోయి ఉన్నాడు. తిట్టాలనుకున్నదాన్ని, జరిగి బెంచీ మీద చోటిచ్చాను.

"వదినా, ఏం చెప్పుంటాది?" అన్నాడు.

"నన్నెందుకయ్యా అడుగుతావ్?" అన్నాను.

తలుపు తీసుకుని చెల్లెలు వచ్చింది. నేరుగా అతని ముందు నిలబడింది.

"లోపల డాక్టరు అడిగినాడు. మీరూ అడగండి."

వరండాలో జనం చూస్తున్నారు. మరిది కళ్లు తుడుచుకున్నాడు. "ఇస్తావా?" అన్నాడు, వినపడీ వినపడనట్టు.

"ఇప్పుడు ఆలోచిస్తా" అని చెల్లెలు వచ్చి నా పక్కన కూర్చుంది.