వాపసు పోయిన తాంబూలం

మా ముత్తాత, తాత హొసకోటె దగ్గర మా ఊరికి పటేళ్ళు. నాన్న అసెంబ్లీకి నిలబడి, ఇంటింటికీ తాంబూలమిచ్చి ఓటేస్తామని మాట తీసుకున్నారు. సొంత ఊరే ఆయన్ను ఓడించింది. ఆ ఊరివాళ్ళతో నేను నలభై ఏళ్ళు మాట్లాడలేదు.

మొన్న బస్సులో మా ఊరి ముసలాయన ఒకాయన నన్ను గుర్తుపట్టి, లేచి సీటిచ్చాడు.

"మాట తప్పినవాళ్ళ సీటు నాకక్కర్లేదు," అన్నాను.

"మేమేడ తప్పితిమప్పా? మర్నాడే మీ చిన్నాయన వచ్చి తాంబూలాలన్నీ వాపసు తీసుకొనిపాయ. 'అన్నే పంపినాడు, ఇంక మీకు మాట కట్టు లేదు' అనె. ఆకు మా ఇంట్లో లేకుంటే ఆన యాడుండాది?"

మహదేవపుర దాకా ఇద్దరమూ నిలబడే ఉన్నాం. సీటు ఖాళీగానే ఉంది.

ఓడిపోయాక ఎన్నిక అప్పులు తీర్చడానికని నాన్న ఆరెకరాల మడి అమ్మారు. కొన్నది చిన్నాయన.