ఇసుక ట్రాక్టరు వెనక్కి మళ్లిన రోజు

మొన్న దిల్‌సుఖ్‌నగర్‌లో మోకాళ్ల నొప్పులకు మందు కొనుక్కుని, మెట్రో మెట్లెక్కే ఓపిక లేక లోపలి కాలనీ రోడ్డు వెంట నెమ్మదిగా నడిచి వస్తూ ఒక టీ బండి దగ్గర ఆగాను. ఆ బండివాడు మోరీ మీద వంతెనలాగా వేసుకున్న షాబాద్ బండ మీద కాలు పెట్టబోతుంటే, దాని అంచున వెలిసిపోయిన పసుప్పచ్చ రంగు కనబడింది. పెట్టబోయిన కాలు వెనక్కి తీసుకున్నాను. ఆ రంగు ఒకప్పుడు నేను దగ్గరుండి వేయించిందే. అక్షరాలున్న వైపు మోరీలోకి తిరిగి ఉంది గాని, వాటిని చదవాల్సిన పని నాకు లేదు. ఒక కాంట్రాక్టరు పేరు, దాని కింద ఐదేళ్లపాటు ఈ రోడ్డు బాగోగులకు ఆయనే బాధ్యుడన్న మాట, అంతే అక్కడ ఉండేది. సర్కారు కొలువులో నాలాగే అరిగిపోయిన వాళ్లకు ఈ బండ సంగతి చెప్పుకోవాలనిపించి రాస్తున్నాను. ఇంట్లో పిల్లలకు చెబితే మధ్యలోనే ఫోన్లు తీస్తారు.

అప్పట్లో నేను రోడ్ల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుని. కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి, మూసారాంబాగ్‌లో రెండు గదులు కిరాయికి తీసుకుని, భార్యతో, స్కూలుకు వెళ్లే కూతురితో కాపురం ఉండేవాణ్ణి. టెండరు పిలవడం, అందరికంటే తక్కువకు ఎవరు చేస్తానంటే వాళ్లకే పని ఇచ్చేయడం, ఇదే మా పద్ధతి. అంత తక్కువకు నిలిచే రోడ్డు పడదని ఇచ్చే మాకూ తెలుసు, పుచ్చుకునే వాళ్లకూ తెలుసు. తారు పలచగా పూసేవాళ్లు, వానలు పడగానే కంకర లేచేది, మళ్లీ టెండరు పిలిచేవాళ్లం. ఒకే చొక్కాకు ఏటా గుండీలు కుట్టినట్టు ఒకే రోడ్డుకు ఏటా సంతకాలు పెడుతూ, దీన్నే ఉద్యోగం అనుకుంటూ చాలా ఏళ్లు గడిపేశాను.

ఒకసారి శిక్షణకు పంపితే అక్కడ వేరే పద్ధతి గురించి విన్నాను. రోడ్డు ఎలా ఉండాలో వేసేవాడే గీసుకుంటాడు, వాడే వేస్తాడు, ఐదేళ్లు వాడే కాపాడతాడు. గుంత పడిందని నోటీసు అందితే మూడు రోజుల్లో పూడ్చాలి, మూడుసార్లు గడువు తప్పితే ఒప్పందం రద్దు, ఇక సర్కారు పని దొరకదు. నేను వెంటపడి వెంటపడి విసిగిస్తే, మా పెద్దసారు నన్ను వదిలించుకోవడానికే కాబోలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ వైపు కాలనీల మధ్యగా పోయే ఒక చిన్న రోడ్డుకు దాన్ని పరీక్షగా పెట్టమన్నారు. కాంట్రాక్టర్లు వచ్చి, షరతులు చదివి, మా టీ తాగి వెళ్లిపోయారు. ఒక్కరే మిగిలారు.

అందరూ ఆయన్ని పటేల్ అనేవాళ్లు. ఆ కాలనీలన్నీ ఒకప్పుడు వాళ్ల ఊరి పొలాలే. కాగితాల్లోని షరతులన్నీ విని ఆయన అడిగింది ఒక్కటే. “ఐదేండ్లు ఈ రోడ్డు నాదేనా సారూ?” అవునంటే, పోయిన పొలం తిరిగి చేతికొచ్చినంతగా సంబరపడ్డాడు. తారు సంగతి తర్వాత చూద్దామని ముందు మోరీలు తవ్వించాడు. వానొస్తే నీళ్లు ఎటు పోతాయో అక్కడ దున్నిన మనిషికి తెలిసినంత నా పటాలకు తెలియదు. రోడ్డు రెండు చివర్లా పేరున్న బోర్డు పెట్టాలన్నది షరతు. రేకు బోర్డు తుప్పు పడుతుందని ఆయన షాబాద్ బండలు చెక్కించి నిలబెట్టాడు. రోజూ పొద్దున్నే చేతికర్రతో రోడ్డును తట్టి చూసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవాడు.

ఆ ఏడు వానాకాలం వెళ్లిపోయింది, ఒక్క గుంత పడలేదు. షేర్ ఆటోలు పెద్ద రోడ్డు మానేసి ఇటే తిరగడం మొదలుపెట్టాయి. ఆ రోడ్డు మా ఆయన వేయించిందేనని మా ఆవిడ కూరగాయల దుకాణంలో చెప్పుకుందట. నా ఉద్యోగం గురించి ఆవిడ నలుగురిలో నోరు విప్పడం అదే మొదలు, అదే ఆఖరు. ఇంకొక్క వానాకాలం ఈ రోడ్డు నిలబడితే చుట్టుపక్కల రోడ్లన్నిటికీ ఇదే పద్ధతి పెట్టమని పైకి రాస్తానని పెద్దసారు మాటిచ్చారు. నేనూ పటేలూ ఆ ఒక్క వానాకాలం మీదే ప్రాణాలు పెట్టుకున్నాం.

ఈలోగా తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. నాలుగు రోజులు బంద్, రెండు రోజులు రాస్తారోకో, కోచింగ్ సెంటర్లకు తాళాలు, మా ఆఫీసులో మధ్యాహ్నం కలిసి విప్పే టిఫిన్ డబ్బాలు రెండు బల్లల మీదకు విడిపోయాయి. నేను ఉద్యమానికి ఎదురూ నిలవలేదు, వెంటా నడవలేదు. ఉన్న మాట చెప్పాలంటే భయపడ్డాను. పటేలుకు ఆ సందిగ్ధం లేదు, రాష్ట్రం రావాల్సిందే అనేవాడు. ఒకరోజు వంటా వార్పూ పెట్టారు. అంటే రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండి, అందరూ అక్కడే కూర్చుని తినడం, ఆ పూటకు బండ్లన్నీ ఆగిపోవడం. పెద్ద రోడ్డు మీద పోలీసులు నిలవనీయక, జనమంతా మా రోడ్డు మీదకు వచ్చారు.

నేను మందుల దుకాణం మెట్ల మీద నిలబడి చూస్తున్నాను. పటేల్ ట్రాక్టరు నిండా ఇసుక వేయించుకుని వచ్చాడు. తారు మీద నేరుగా మంట పెడితే తారు కరిగి కంకర పట్టు వదులుతుంది కదా, ప్రతి పొయ్యి కిందా బెత్తెడు మందాన ఇసుక పరిపించాలని ఆయన ఆలోచన. మొదటి గంప ఒంపుతుండగా, ఆయనకు బాబాయి వరసయ్యే వాళ్ల ఊరి పెద్దాయన అందరూ వినేటట్టు అడిగాడు.

“రోడ్డు కోసమొచ్చినవా కొడుకా, రాష్ట్రం కోసమొచ్చినవా?”

జనం నవ్వారు. పటేల్ నవ్వలేదు. గంప కింద పెట్టి, ట్రాక్టరును వెనక్కి తిప్పమని చెయ్యి ఊపాడు. ఇసుక లేనిచోట వట్టి తారు మీద మూడు రాళ్లు పేర్చి, మొదటి పొయ్యి తన చేత్తోనే ముట్టించాడు. ఆ తర్వాత ఎన్ని పొయ్యిలు వెలిగాయో నేను లెక్కపెట్టలేదు. పప్పు తాలింపు వాసనతో తారు కాలే వాసన కలిసి వచ్చింది. ఆయన నన్ను చూసి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, విస్తరి వేసి వడ్డించాడు. నేను తిన్నాను.

మర్నాటికి రోడ్డు పొడుగునా నల్లటి మచ్చలు. ఆందోళనల్లో చెడిందని కాంట్రాక్టరు వారంలోగా ఫిర్యాదు రాసిస్తే బాధ్యత ఆయన మీద పడదని ఒప్పందంలో ఉంది. పటేల్ ఇంటికి వెళ్లి, రాసివ్వమని బతిమాలాను. “మావోళ్ల మీద నేనెట్ల కాయితం పెడ్త సారూ? పొయ్యి ముట్టిచ్చింది నేనే గద” అన్నాడు. ఆయన రాయకపోయినా తనిఖీ చేసిన ఇంజనీరుగా నేను రాయవచ్చు. కోస్తా ఇంజనీరు ఉద్యమం వల్ల రోడ్డు చెడిందని రాశాడంటే ఎవరెవరు ఏమంటారోనని రెండు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకు తిరిగి, చివరకు రాసింది ఇది. రోడ్డు పలుచోట్ల దెబ్బతిన్నది. కారణం తెలియలేదు.

వానలు పడ్డాయి, మచ్చలన్నీ గుంతలయ్యాయి. పూడ్చడానికి పటేల్ తెప్పించిన వేడి తారు లారీ బంద్‌లో ఎల్‌బీ నగర్ చౌరస్తా అవతలే ఆగిపోయి, తారు ముద్దగా గడ్డకట్టింది. అలా ఒక గడువు, ఇంకో గడువు, మూడోదీ తప్పాయి. రద్దు నోటీసు నేనే తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన చదవకుండా సంతకం పెట్టి, ఇక రోడ్డును ఎవరు చూసుకుంటారని మాత్రం అడిగాడు. ఈ పద్ధతి ఇక్కడి పరిస్థితులకు సరిపడదని పెద్దసారు రాసి ఫైలు మూసేశారు.

రాష్ట్రం వచ్చింది. నేను భయపడినవేవీ జరగలేదు, ఇక్కడే పనిచేసి ఇక్కడే రిటైరయ్యాను. రాష్ట్రం వచ్చిన రోజు గులాల్ రంగు పూసుకున్న జనంలో పటేల్ కనబడి నన్ను గట్టిగా కౌగిలించుకున్నాడు, రోడ్డు ఊసు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఆయన మళ్లీ సర్కారు పని చేయలేదు, కొన్నేళ్లకు పోయాడు. ఆయన పోయాక నాకు ధైర్యం వచ్చి, ఆ పద్ధతి మళ్లీ పెట్టమని అర్జీ పట్టుకుని నా పాత ఆఫీసుకు వెళ్లాను. నా కుర్చీలో కూర్చున్న కుర్రాడు మర్యాదగా టీ తెప్పించి, పాత ఫైలు వెతికించి, నా దస్తూరీ ఉన్న పేజీ నా ముందు పెట్టాడు.

“రోడ్డు ఎందుకు చెడ్డదో తెల్వదని మీరే రాసిన్రు గద సార్. తెల్వనిదాన్ని మల్ల ఎట్ల పెడ్తం?”

కారణం నాకు తెలుసని అప్పుడైనా చెప్పాల్సింది. అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇప్పుడు తల మీద మెట్రో పరుగెడుతుంది, కాళ్ల కింద రోడ్డు మళ్లీ తక్కువకు టెండరు వేసినవాడిదే, ఏ రోడ్డు చివరా ఎవరి పేరూ ఉండదు. మొన్న నేను ఆగిపోవడం చూసి ఆ టీ బండివాడు, బండ గట్టిదే, భయపడకుండా తొక్కమన్నాడు. నేను చుట్టూ తిరిగి, గుంతలో నీళ్లు తొక్కుకుంటూ ఇంటికి వచ్చాను.