చెట్టు మీది పెట్టె, కింద నూకరాజు

“డైరెక్టరుగారు గంటకోసారి అందర్నీ పేరుపేరునా పిలిచేవారండి. వాళ్లంతా పలికేక నేనూ ‘ఆయ్, ఉన్నానండి’ అనేవాణ్ణి. ఒక్కసారైనా నాకు బదులిచ్చేరు కాదండి.”

హెడ్‌సెట్ తిరిగి ఇస్తూ శ్యామ్ బాబుతో నూకరాజు అన్న మాట అది. 2008లో అప్పనపల్లి గుడిలో స్వామివారి కల్యాణం టీవీలో లైవ్ ఇవ్వడానికి వచ్చినవాళ్లలో శ్యామ్ బాబుది వైర్‌లెస్ పని. వ్యానులోని డైరెక్టరు మాట కెమెరావాళ్ల చెవికి చేరాలంటే మధ్యలో ఓ వైర్‌లెస్ పెట్టె ఎత్తైన చోట ఉండాలి. తడి మట్టలు అడ్డొస్తే మాట తెగుతుందని చెప్పగానే, కొబ్బరి దింపు తీసే నూకరాజు చెట్టెక్కి, మట్టలకు బారెడు కింద దాన్ని బిగించాడు. పెట్టె మీది దీపం ఆరితే చెప్పమని హెడ్‌సెట్ ఇచ్చి, మూడు రోజులు అతన్ని చెట్టు కింద కూర్చోబెట్టారు. దీపం ఆరనే లేదు.

“మరి ఏం విన్నారండి?”

“అన్నీనండి. రెండో కెమెరా ఆయనకి పులిహోర అందలేదు, పాపం. మా ఆవిడ నాగదుర్గ కువైట్ వెళ్లి నాలుగేళ్లండి. అప్పట్నుంచీ ఇన్ని మాటలు నా చెవిన పడలేదు.”

శ్యామ్ బాబు చూపు హెడ్‌సెట్‌తో పాటు నడుముకు తగిలించుకునే డబ్బా మీది బొత్తాం మీద పడింది. అది నొక్కితేనే మాట అవతలికి వెళ్తుంది. ఆ ముక్క చెప్పడం తనే మరిచాడు. ఇప్పుడు చెప్పాడు.

నూకరాజు బొత్తాం నొక్కి, “ఆయ్, ఉన్నానండి” అన్నాడు. వ్యాను అప్పటికే వెళ్లిపోయింది.

“వచ్చే ఏడు నా పేరూ పిలవమనండి, శ్యామ్ బాబుగారూ. ఆఖర్నైనా పర్లేదండి.”