గుర్వమ్మ గుంటలో నూనె ఉండ

గుర్వమ్మ ఎవరితోనూ మాట పడే రకం కాదు. కోస్గి పక్క పల్లెలో బోర్లన్నీ ఎండిన ఏడు, జనం నవ్వుతున్నా లెక్కచేయక మేకలు తాగే నీళ్ల కోసం పెరట్లో తానే గుంట తవ్వుకుంది. మోకాళ్లు మొరాయించి మేకల్ని అమ్మేశాక కూడా దాన్ని పూడ్చనివ్వలేదు.

మాఘం వెళ్లేసరికి ఆ పెరడు చూడాలి! కానుగ పాత ఆకు రాలుస్తూనే చిగురు తొడిగింది. మామిడి పూత మీద ముసిరిన తేనెటీగలు దాహమేసి గుంట తడిగట్టు మీద వాలుతున్నాయి. జమ్ములో నీటికోడి గూడు కట్టింది. అది చూసినప్పటి నుంచి గుర్వమ్మ అటువైపు అంట్లు కూడా తోమడం లేదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున పంచాయతీ కార్యదర్శి సుమన వచ్చింది. వెనకే ఊరి పనివాడు అంజయ్య బస్తా మోసుకొచ్చాడు. బస్తాలో వాడేసిన ఇంజనాయిల్‌లో నానబెట్టిన రంపపుపొట్టు ఉండలు. నీళ్లలో వేస్తే నూనె తెట్టు కట్టి దోమపిల్లలు చస్తాయట.

"ఊర్ల జరాలున్నయి అవ్వా. నీ గుంటొక్కటే మిగిలింది" అంది సుమన.

"దోమలొక్కటే సస్తయా బిడ్డా? నా గుంటల ఉన్నయన్ని సావయా?"

గుర్వమ్మ తెల్ల పళ్లెం తెచ్చి నీళ్లు ముంచింది. మూడు దోమపిల్లలు మెలికలు తిరుగుతూ కనబడ్డాయి.

"సూడుండ్రి మేడం, నేను జెప్పలే?" అన్నాడు అంజయ్య హుషారుగా.

"జర ఆగరాదు! ఏం తొందర?"

గుర్వమ్మ గుంట అడుగు బురద తోడి, అందులోని మట్టిరంగు పురుగొకదాన్ని పళ్లెంలో వేసింది. అది కదల్లేదు. ఇది దోమపిల్లల్ని తినకపోతే గుంట పని అయిపోయినట్టే. అంతలో పురుగు చటుక్కున దవడ చాచి ఒకదాన్ని లాక్కుంది. ఆ వెంటనే ఇంకోదాన్ని.

"తూనీగ పిల్ల గిది. రెక్కలొచ్చేదాంక దీని బువ్వ గదే."

సుమన కళ్లార్పకుండా చూసింది. "నిజమే అవ్వా. కానీ ఉండ ఏస్తున్న ఫోటో పైకి పంపాలె."

గుర్వమ్మకు ఒళ్లు మండింది. చీర ఎగ్గట్టి, జమ్ముకు ఎడంగా, నడుంలోతు నీళ్లలోకి దిగి నిలబడింది.

"ఎయ్యి అంజయ్యా, నా మీదనే ఎయ్యి! ఫోటోనే గావాల్నంటే నన్ను దియ్యి బిడ్డా. గుర్వమ్మ ఎయ్యనియ్యలేదని కింద రాయి."

సుమన ఫోటో తీసింది. ఆమె చెప్పిన మాట చెప్పినట్టే రాసి పైకి పంపింది.