మా బావ పూర్తిచేసిన ఒక్క పని

మా బావ కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. రోజుకు అరవై ఇళ్ళు తిరుగుతాడు. మీటరు అంకె రాసుకుని వచ్చేస్తే సరిపోతుంది కానీ, ఆయన ఆ ఇళ్ళ గూళ్ళు, గడపలు, కుళాయిలు కూడా చూసి వస్తాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పకముందే, "ఇవాళ ఒకింట్లో చూశానే, బల్లని గోడకే మడిచేశారు" అంటాడు. మా అక్క లేచి బల్ల మీది గిన్నెలు తీసేస్తుంది. మర్నాటికి మా వంటింటి బల్లకు కాళ్ళుండవు.

పని మొదలుపెట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. నేలకు ఒరుసుకుంటోందని వంటింటి తలుపు ఊడదీశాడు. ఎనిమిది నెలలుగా అది వరండాలో గోడకు జారగిలబడి ఉంది. స్నానాలగదికి సగం దాకా పలకలు అతికించాడు. మిగతా సగానికి ఆ రంగు దొరకడం లేదు. ఎవరడిగినా "పని నడుస్తోంది" అంటాడు. ఎటు నడుస్తోందో మాకెవరికీ తెలియదు.

అమ్మకు జబ్బు చేసినప్పుడు ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను. అమ్మ పోయాక అక్క దగ్గరికి వచ్చాను. ఈ ఇంట్లో వంట కాక నా పని నిచ్చెన పట్టుకోవడం. నలుగురిలో నాకు నోరు పెగలదు. నిచ్చెన పట్టుకునేవాళ్ళు మాట్లాడనక్కర్లేదు కాబట్టి కుదిరింది.

అక్కకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదానికి పదేళ్ళు, చిన్నదానికి ఏడు. పెద్దది బడిలో ఏడాదిపాటు ఒక్క మాట మాట్లాడలేదు. హాజరు పిలిచినా పలకలేదు. బెంచీ మీద కూర్చునే ఏడాదంతా గైర్హాజరైంది. చివరికి ఇంట్లో కూడా మాట మానేసింది. అక్క వెళ్ళి పిల్లలిద్దరినీ ఇంటికి తెచ్చేసుకుంది. ఇంట్లో చదివించుకోవడానికి విద్యాశాఖ వాళ్ళు ఒక కాగితం ఇస్తారు. ఏడాదికోసారి అధికారి వచ్చి పిల్లలు చేసింది చూస్తాడు. నచ్చితే కాగితం పొడిగిస్తాడు, లేకపోతే బడికి పంపమంటాడు. ఇంటికొచ్చిన నాలుగో నెలలో పెద్దదానికి మాట వచ్చింది. అదీ మాతోనే. గుమ్మంలోకి కొత్తమనిషి వస్తే మళ్ళీ మూగనోమే.

హాల్లో పెద్దగోడకు బావ పాత రంగు గీకేసి, పుట్టీ పెట్టి, అక్కడితో వదిలేశాడు. తెల్లగా, నున్నగా ఉండేది. ఒకరోజు నోటుపుస్తకం కనబడక అక్క గోడ మీదే పెన్సిలుతో లెక్క చేసి చూపించింది. బావ చూసి, "రాసుకోండి, ఎలాగూ రంగు వేస్తాంగా" అన్నాడు. ఆ భరోసాతో ఏడాదంతా రాశారు. ఎక్కాలు, నదులు, భిన్నాలు. కింద చోటు అయిపోయాక పెద్దది నిచ్చెనెక్కి రాసేది.

గురువారం అధికారి వస్తాడని ఉత్తరం వచ్చింది. "గోడే చూపిస్తాను, ఏడాది చదువంతా కళ్ళెదురుగా ఉంది" అంది అక్క మాతో. బావ అప్పుడు ఇంట్లో లేడు.

బుధవారం అక్క పిల్లల్ని తీసుకుని ఏవో కాగితాలకు నకళ్ళు తీయించడానికి వెళ్ళింది. బావ సెలవు పెట్టి రెండు రంగు డబ్బాలతో వచ్చాడు.

"నిచ్చెన పట్టుకో."

"బావా, గోడ మీద రాతలు..."

"అందుకేగా! రేపు ఆ పెద్దమనిషి ఈ గీతలు చూస్తే ఏమనుకుంటాడు? పిల్లల్ని గాలికొదిలేశారనుకోడూ?"

"అక్కనోసారి అడిగితే..."

"చెప్పకు. ఆశ్చర్యపోవాలి."

నిచ్చెన పట్టుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. మూడు గంటల్లో అయిపోయింది. అంచులు కూడా చక్కగా వచ్చాయి. బావ ఒక పని మొదలుపెట్టిన రోజే ముగించడం నేను చూడ్డం అదే మొదలు.

అక్క వచ్చింది. ఆశ్చర్యపోయింది. ఒక చెప్పు విప్పి, రెండోది కాలికి ఉండగానే గుమ్మంలో నిలబడిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు బావ.

"నా గోడేదండీ?"

"ఇదేగా, చూడు, కొత్తగా..."

"నా గోడేదండీ?"

"నా ఏనుగు కూడా పోయిందా?" అంది చిన్నది. పెద్దది ఏమీ అనలేదు. అన్నం దగ్గర కూడా అనలేదు. సంగతి అర్థమయ్యాక బావ ఒక మూల తడిగుడ్డతో రుద్ది చూశాడు. మంచి రకం రంగు. పోలేదు.

మర్నాడు పదింటికి అధికారి వచ్చాడు. నేను వంటింట్లోకి వెళ్ళాను. తలుపు లేదు కనుక ఆయనకు నిలువునా కనబడుతూనే దాక్కున్నాను.

"పిల్లల పుస్తకాలు చూపించండమ్మా."

"పుస్తకాల్లేవండీ. అంతా గోడ మీద రాశాం. నిన్న మావారు రంగు వేశారు."

ఆయన గోడ వైపు, తర్వాత బావ వైపు చూశాడు. "నిన్ననే ఎందుకు వేశారండీ?"

"మీరొస్తున్నారని."

అధికారి కలానికి మూత పెట్టాడు. "ఏమనుకోకండమ్మా. చూపించడానికి ఏమీ లేకపోతే బడికి పంపమనే రాయాలి."

అక్క పెద్దదాని వైపు చూడలేదు. చూస్తే తట్టుకోలేదని నాకు తెలుసు.

"ఒట్టండీ, రాశారు," అన్నాడు బావ గోడ దగ్గరికి వెళ్ళి. "ఇదిగో, ఇక్కణ్ణించి ఇక్కడిదాకా ఎక్కాలు. పన్నెండు దాకా."

"పదహారు."

పెద్దది అంది. మేమెవరమూ కదల్లేదు. అధికారికి అందులో వింతేమీ కనబడలేదు. పదేళ్ళ పిల్ల ఏదో అంది, అంతే.

"పదహారు దాకా. పన్నెండు దగ్గర స్విచ్చి అడ్డమొచ్చింది. తర్వాతవి పక్కన రాశాం." లేచి వెళ్ళి, గోడకు తగలకుండా వేలు చూపిస్తూ ఎడమ చివర నుంచి మొదలుపెట్టింది. "ఇక్కడ పదమూడో ఎక్కం. పదమూడేడ్లు తొంభై ఒకటి. ముందు ఎనభై ఒకటని రాసి కొట్టేశాను. ఇక్కడ భిన్నాలు. మూడింట రెండూ ఆరింట నాలుగూ ఒకటే. ఇది నది, ఇక్కడ మలుపు. ఇది చెల్లి ఏనుగు, పాఠం కాదు."

అధికారి కలం మూత తీశాడు. "పదిహేను పదమూళ్ళు?"

"నూట తొంభై అయిదు. అది పైన ఉంది. నిచ్చెనెక్కి రాశాను."

కింది మూలకొచ్చింది. "ఇది అమ్మ రాసింది. 'వంటింటి తలుపు ఎప్పుడు?' అని. కింద నెలల పేర్లు. ఎనిమిది."

"అది చదవక్కర్లేదు తల్లీ," అన్నాడు బావ.

"చదవనివ్వండి," అన్నాడు అధికారి. తలుపు లేని వంటింటి గుమ్మం వైపు చూసి నన్ను చూశాడు. నేను గరిటె పట్టుకున్నాను.

కుడి చివరిదాకా అరగంట పట్టింది. అధికారి అంతా రాసుకున్నాడు. చివర్లో, "నీకు బడికి వెళ్ళాలని లేదామ్మా?" అని అడిగాడు.

పెద్దది లెక్కకు ఆలోచించినంతసేపు ఆలోచించింది. "ఇప్పుడే కాదు."

అదీ రాసుకుని, కాగితం మీద ఏడాదికి పొడిగింపు వేసి సంతకం చేశాడు. "ఇకనుంచి పుస్తకాల్లో రాయించండమ్మా. గోడని నేను ఆఫీసుకు పంపలేను."

ఆయన గేటు దాటాక బావ గోడను పక్కనుంచి, ఒక కన్ను మూసి చూశాడు. "వెలుతురుకి చారలు కనబడుతున్నాయే. రెండో కోటు పడాలి."

"దాని మీద చెయ్యి వేశారంటే చూడండి," అంది అక్క. బావ చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

పెద్దది వంటింట్లో నా దగ్గరికి వచ్చి, "పిన్నీ, మంచినీళ్ళు" అంది. ఎత్తిన గ్లాసు దించకుండా తాగింది. మూతి తుడుచుకుని ఇంకో గ్లాసు అడిగింది.