రొయ్యను చూడటం నేర్పిన అత్త

మా మేనత్త పోయిన మంగళవారం ఉదయం కన్నుమూసింది. కాలేజీ ల్యాబులో ఉండగా నాయన ఫోన్ చేసి, "అత్త ఇంక లేదు పాపా" అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ముందురోజు సాయంత్రం కూడా రొయ్యల గుంట గట్టు మీదే ఉంది. ఏప్రిల్‌లో కళ్లజోడు మార్పించుకుంది. కొత్త అద్దాలు ఇంకా అలవాటే కాలేదు.

మా ఊరు కావలికి తూర్పున, సముద్రపు హోరు వినపడేంత దగ్గరలో ఉంది. అత్తకు పిల్లలు లేరు. మామ పోయినప్పుడు, ఆయన కౌలుకు చేస్తున్న రెండు రొయ్యల గుంటలను వదిలెయ్యమని అందరూ చెప్పారు. ఆడమనిషి గట్టు మీద ఏం చేస్తుందన్నారు. దినాలు ముగిసిన మర్నాడే మామ టోపీ పెట్టుకొని ఆమె గట్టు మీద కనిపించింది. అప్పుడు నేను రెండో తరగతి. ఆ టోపీ కింద ఆమె ముఖం నాకు కొత్తగా, కాస్త భయంగా అనిపించడం గుర్తుంది.

రొయ్యలు పెంచేది గానీ రొయ్యల కూర ముట్టేది కాదు. "పొద్దస్తమానం వాటి మొహమే చూస్తుండా, మళ్లా కంచంలో కూడానా?" అనేది. ఆదివారం చర్చిలో ఎప్పుడూ తలుపు పక్కనే కూర్చునేది. కరెంటు పోతే గుంట నీళ్లలో గాలి కలిపే చక్రాలు ఆగిపోతాయి, రొయ్యలకు ఊపిరాడదు. అందుకని ఫ్యాను ఆగిన మరుక్షణం, పాట మధ్యలో ఉన్నా సరే, లేచి జనరేటర్ కాడికి పరుగెత్తేది. పాస్టరు గారు ఆ చరణం పూర్తయ్యేదాకా కళ్లు మూసుకొనే ఉండేవారు, చూడనట్టు.

నేను ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నప్పుడు, ఫిన్లాండ్‌లో కృత్రిమ మేధ మీద నాలుగు వారాల వేసవి కోర్సు ఉందని తెలిసింది. దరఖాస్తులో మీ ప్రాంతపు సమస్య ఒకటి తీసుకొని రాయమన్నారు. ఫొటో చూసి రొయ్యకు జబ్బు ఉందో లేదో చెప్పే ప్రోగ్రాం చేస్తానని రాశాను. సీటు వచ్చింది, ఖర్చులన్నీ వాళ్లే భరిస్తామన్నారు. ఇంట్లో మాత్రం సంతోషం కంటే భయమే ఎక్కువ కనిపించింది. అత్తను పిలిపించారు.

"పిల్ల ఒక్కతే అంత దూరం ఎట్టా ఉంటాది వదినా?" అంది అమ్మ.

అత్త మంచినీళ్లు తాగి, గ్లాసు కింద పెట్టింది. "రొయ్య పిల్లల సంచీ వస్తే మనం ఏం జేస్తాం? విప్పి గుంటలో కుమ్మరించం గదా. సంచీని కాసేపు ఆ నీళ్ల మీద తేలనిస్తాం. వేడి సమానమైనాక వదుల్తాం. ఇదీ అంతే. వారం తేలతాది, ఆనక అదే ఈదతాది."

నాయన నవ్వేశాడు. ఆయన నవ్వాడంటే ఒప్పుకున్నట్టే.

వెళ్లేముందు రెండు నెలల పాటు అత్తే నాకు ఫొటోలు తీసి పంపింది. మేత ఎంత తింటున్నాయో చూసేందుకు గుంటలో దించే నల్లటి వల తట్ట ఒకటుంటుంది. దాన్ని పైకి లాగినప్పుడల్లా ఫోన్ తీసేది. ప్రతి ఫొటోకూ 'మంచిది' అనో 'జబ్బు' అనో వాయిస్ మెసేజ్ పెట్టేది. ఎలా తెలుస్తుందని అడిగాను.

"రంగు చూడబాక, మోసం జేస్తాది. వీపు వెంట పేగు గీత చూడు. నిండుగా, తెగకుండా ఉంటే తిని హాయిగా ఉండాదని. తెగిందంటే ఏదో వచ్చింది."

ఫిన్లాండ్‌లో మొదటి వారం నేను నిజంగానే తేలాను. అందరూ మాట్లాడుకునే పదాలు సగం తెలియవు. రెండో వారానికి చెయ్యెత్తి అడగడం మొదలుపెట్టాను. నేను అడిగిన ప్రశ్నలకు పక్కన కూర్చున్నవాళ్లు కూడా జవాబులు రాసుకుంటున్నారని గమనించాక నా బెరుకు పోయింది. అక్కడ వేసవిలో పొద్దుగూకదని చెబితే అత్తకు ఒక్కటే సందేహం. "మరి కోళ్లు ఎప్పుడు పడుకుంటాయి పాపా?" నేను ఎవరినీ అడగలేదు. అడగాల్సింది.

మూడో వారం, అత్త ఫొటోలతో నేర్పిన నా ప్రోగ్రాం దాదాపు ప్రతి ఫొటోకూ సరైన జవాబు చెప్పింది. జట్టులో నాతో ఉన్న అమ్మాయి ఎగిరి గంతేసింది. మా టీచరు మాత్రం, "అది ఫొటోలో దేన్ని చూసి చెబుతోందో కనుక్కున్నావా?" అని అడిగింది. కనుక్కొనే పద్ధతి కూడా చూపించింది. ప్రోగ్రాం దృష్టి పడిన చోటల్లా ఫొటో మీద ఎర్రగా కనిపిస్తుంది. చూస్తే రొయ్య మీద ఎరుపే లేదు. అంతా చుట్టుపక్కలే, నీలం మీద.

అత్త జబ్బు రొయ్యలను గుంటలోకి తిరిగి వెళ్లనివ్వదు. పక్కన నీలం టబ్బులో వేస్తుంది. ఆ ఫొటోలన్నీ టబ్బులో తీసినవి. మంచివన్నీ నల్ల తట్టలో తీసినవి. నా ప్రోగ్రాం రొయ్యను చూడటమే నేర్చుకోలేదు. నీలం కనిపిస్తే జబ్బు అంటోంది, అంతే.

అందరి ముందూ పని చూపించడానికి రెండు రోజులే ఉన్నాయి. "లెక్కలు బాగున్నాయి కదా, ఎవరూ అడగరు" అంది జట్టులో అమ్మాయి. నాకూ ఒక క్షణం అలాగే అనిపించింది. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చొని అత్తకు ఫోన్ చేశాను.

విని పెద్దగా నవ్వింది. "అంటే మీ మిషను నా టబ్బును చూసి జబ్బు చెప్తుండాదా!" నవ్వు ఆగాక నేనే, "ఏం చెయ్యమంటావు అత్తా?" అన్నాను.

"రేపు పొద్దునే మంచివీ జబ్బువీ రెండూ ఒకే తట్టలో పెట్టి తీస్తా. తట్టను మళ్లా గుంటలో దించన్లే. నువ్వు మాత్రం దాచిపెట్టబాక. గుంటలో జబ్బు దాచినోడు వాడొక్కడే మునగడు, పక్క గుంటలోళ్లని కూడా ముంచుతాడు. తప్పు కనిపెట్టింది నువ్వే గదా, నువ్వే చెప్పు. తలెత్తి చెప్పు."

మర్నాడు నేను లేచేసరికి ఫోన్ నిండా ఫొటోలు. అన్నీ నల్ల తట్ట మీదే. చివర్లో ఒక వాయిస్ మెసేజ్: "నడుం పట్టేసింది పాపా. ఈసారన్నా రొయ్యను చూడమను."

వాటితో మళ్లీ నేర్పితే సరైన జవాబులు తగ్గాయి. కానీ ఎరుపు వచ్చి రొయ్య వీపు మీద, పేగు గీత వెంట పడింది. ఆ రోజంత ఆనందం నాకు మంచి మార్కులు వచ్చినప్పుడు కూడా కలగలేదు. అందరి ముందూ నిలబడి మొదట నా తప్పే చూపించాను. ఆ తర్వాతే రెండో ఫలితం.

వెనక వరుసలో ఒకాయన అడిగాడు, "ఏ రొయ్యకు జబ్బు ఉందో గుర్తించి చెప్పింది ఎవరు? శాస్త్రవేత్తలా?"

"మా అత్త. పదమూడేళ్లుగా రొయ్యలు పెంచుతోంది" అన్నాను.

వచ్చే ఏడు కొత్త విద్యార్థులకు మొదటి పాఠంలో నా తప్పునే ఉదాహరణగా చెప్పుకోవచ్చా అని టీచరు అడిగింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే అత్త నమ్మలేదు. "నా టబ్బు కత పాఠమా?" అని మూడుసార్లు అడిగింది. తర్వాత అడగనివాళ్లకు కూడా చెప్పింది.

ఆ ప్రోగ్రాంను ఆమె ఫోన్‌లో పెట్టాను. దాన్ని తప్పుపట్టడం ఆమెకు ఆటైపోయింది. "మళ్లా తప్పింది చూడు మీ మిషను" అని ఫొటో పంపేది. నేను సరిచేసేదాన్ని. ఈ ఏడు మార్చిలో ఒకసారి ఆమె మంచిదన్న రొయ్యను అది జబ్బు అంది. ఎండలోకి తీసుకెళ్లి చాలాసేపు చూసి ఫోన్ చేసింది. "ఈసారి అదే గెలిచింది. నా అద్దాలు మార్చుకోవాల." ఆ గొంతులో చిన్నబుచ్చుకోవడం వెతికాను. లేదు. తాను నేర్పిన పిల్ల బాగా చదివితే పంతులమ్మ మాట్లాడినట్టుంది.

బుధవారం ఆమెను సరుగుడు తోట పక్క ఇసుకలో సమాధి చేశాం. ప్రార్థన అయ్యాక పక్క గుంటల వాళ్లు ఒక్కొక్కరే గట్లకు వెళ్లిపోయారు. మేత వేళ దాటిపోతోంది. "అక్క గుంటలో ఎవరు చల్లుతారు?" అని ఎవరో అడిగారు. నేను చల్లుతానన్నాను.

బకెట్టు తీసుకొని తెప్ప ఎక్కాను. గట్టు నుంచి గట్టుకు కట్టిన తాడు పట్టుకొని, లాక్కుంటూ మధ్యకు వెళ్లాను. గుప్పెడు మేత తీసి విసిరాను. గాలికి కాస్త పక్కకు వాలి నీళ్ల మీద పడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత అడుగున ఎక్కడో రొయ్యల కదలిక మొదలై, ఎండలో వాన చినుకులు పడుతున్నట్టు గుంటంతా సన్నగా చిటపటలాడింది.